గుడ్లగూబలు నిద్రపోతున్నాయి

కొత్త కోడలి మామగారు ఇంట్లో గొంతెత్తి మాట్లాడడు. ఆయన నోట వచ్చేవన్నీ గుసగుసలే. ఎవరైనా మామూలుగా మాట్లాడితే పెదవుల మీద వేలు పెట్టి "ఉష్" అంటాడు. ధాన్యం కొట్టులో దూలం మీదున్న చెక్కపెట్టె వైపు కళ్ళెత్తి, "గుడ్లగూబలు నిద్రపోతున్నాయి" అంటాడు. ఊళ్ళో అందరికీ ఆయన ఉష్ మామయ్య.

గుడ్లగూబలు ఎలుకల్ని పట్టి పంట కాపాడతాయని, వాటి కోసం పొలం చివరి గట్టున గడ్డి కోయకుండా వదిలేశాడు. అక్కడున్న మోడు చెట్టుని కొట్టనివ్వలేదు. అంతవరకూ పర్వాలేదు. ట్రాక్టరుతోనే వచ్చింది చిక్కు. దాన్ని ఇంటి దగ్గర స్టార్ట్ చేయకూడదు. ఆయనా కొడుకూ కలిసి రోడ్డుదాకా తోసుకెళ్ళాలి.

"నాన్నా, ట్రాక్టరు కొన్నది మనం తోయడానికా?" అన్నాడు కొడుకు ఒకరోజు, రొప్పుతూ.

"మెల్లగా రొప్పు," అన్నాడాయన.

కోడిపుంజు మాత్రం మాట వినలేదు. కోడలు కాపురానికొచ్చిన వారానికే దాన్ని బుట్టలో పెట్టి వియ్యంకుడికి కానుకగా ఇచ్చొచ్చాడు. "మీ మామగారిది పెద్ద మనసమ్మా," అని ఫోన్ చేసి మెచ్చుకున్న ఆమె నాన్న, రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ చేసి, "ఇది అసలెప్పుడు పడుకుంటుందో కాస్త కనుక్కో" అన్నాడు.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది అత్తగారిది. "గుసగుసగా తిడుతుంటే నాకే ముద్దు చేస్తున్నట్టుంది, కోపం నిలబడట్లేదు" అనేది. అందుకని కోపమొచ్చినప్పుడల్లా మొగుణ్ణి వెంటబెట్టుకుని పొలం చివరి గట్టుకి వెళ్ళి, అక్కడ తనివితీరా తిట్టి వచ్చేది. ఇద్దరూ గబగబా అటు నడుస్తుంటే పక్క పొలం ఆయన పలకరించేవాడు.

"ఏం వదినా, పోట్లాటకా?"

"వచ్చేటప్పుడు మాట్లాడతానయ్యా. ఇప్పుడాగితే చల్లారిపోతుంది."

కోడలికి మాత్రం ఆ గుసగుసలు వరం. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పుట్టింటి వీధిలో పగలు నిద్రపట్టక ఒకసారి డ్యూటీలో కళ్ళు తిరిగి పడింది. ఇంకోసారి అలా జరిగితే ఉద్యోగం మానుకోవాల్సిందే. అత్తారింట్లో ఆమె గదికీ ధాన్యం కొట్టుకీ మధ్య ఒకటే గోడ. తలగడ మీద తల పెడితే మళ్ళీ సాయంత్రమే మెలకువ.

తనకింత నిద్ర పెట్టిన పక్షుల్ని ఒక్కసారి చూడాలనిపించింది. ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి కొట్టులో నిచ్చెన వేసుకుని ఎక్కింది. పెట్టెలో ఈక కూడా లేదు. అడుగున దుమ్ము, మూలల్లో సాలెగూళ్ళు.

గుడ్లగూబలు లేవని తెలిస్తే రేపట్నుంచి ట్రాక్టరు కిటికీ పక్కనే మోగుతుంది. ఇక నిద్రా ఉండదు, ఉద్యోగమూ ఉండదు. చెప్పకుండా ఊరుకుందామనుకుంది. కానీ ట్రాక్టరు తోసే మామగారి భుజాలు గుర్తొచ్చాయి. నిజం చెప్పేద్దామని పొలం దారి పట్టింది.

చివరి గట్టు దగ్గర అత్తగారి గొంతు వినబడి, మోకాలెత్తు గడ్డిలో ఆగిపోయింది.

"కోడలికి చెప్పేస్తే ఏం పోయిందట? ఆ పిల్ల కాపురానికొచ్చేనాటికే అవి కొట్టు వదిలి ఇక్కడికొచ్చేశాయి. లేని పక్షుల కోసం నా గొంతు నొక్కేస్తున్నారు."

"చెబితే పడుకుంటుందా?" నగారా మోగినట్టున్న ఆ గొంతు ఎవరిదో ఆమెకి వెంటనే తెలియలేదు. మామగారిది. "తన కోసం ఇంటిల్లిపాదీ ఇబ్బంది పడుతున్నారని మొహమాటంతో లేచొచ్చి నీ వంటింట్లో కూర్చుంటుంది. గుడ్లగూబల కోసమంటే ఎవరికీ మొహమాటం లేదు. పడుకోనీ."

"వద్దన్నానా? నేనూ మెల్లగానే తిడుతున్నాగా రోజంతా."

వాళ్ళ తలల పైన, మోడు తొర్రలోంచి రెండు తెల్లటి ముఖాలు తొంగిచూస్తున్నాయి. ఆ కేకలకి వాటిలో చలనమే లేదు. ఒకటి ఆవలించింది కూడా.

ఆమె వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

డ్యూటీకి బయల్దేరే ముందు, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, "గుడ్లగూబలు బాగా నిద్రపోతున్నాయా మామయ్యా?" అంది గుసగుసగా.

ఆయన చూపు ఆమె చీర కుచ్చిళ్ళకి అంటుకున్న గడ్డిగింజల మీద పడింది. ఆ గడ్డి చివరి గట్టున తప్ప ఎక్కడా లేదు.

"ఒకటి ఈమధ్య పెందలాడే లేచి తిరుగుతోందమ్మా," అన్నాడు. "రేపట్నుంచి ఇంకాస్త మెల్లగా మాట్లాడుకోవాలి."

అత్తగారు నుదురు కొట్టుకుంది, చప్పుడు కాకుండా.