మొదటి రీలు లేని ఆట

కిస్టెన్ పుట్టింది దక్షిణాఫ్రికాలోని డార్నల్‌లో, పంచదార మిల్లుకి వలసొచ్చిన తెలుగు కూలీల బారకాసుల్లో. తండ్రి బాయిలర్ల దగ్గర పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. అన్నలంతా మిల్లుకే వెళ్ళారు. కిస్టెన్‌కి ఆ వేడి పడక, స్టాంగర్‌లో మార్కెట్ వెనకున్న సినిమా హాల్లో పనికి కుదిరాడు. ప్రొజెక్టర్ గదిలోనే వయసు గడిచిపోయింది. భార్య మోరీన్ కూడా డార్నల్ పిల్లే. వాళ్ళకి పిల్లలు కలగలేదు.

హాలు తలుపు దగ్గర టికెట్లు చింపే మనిషి ముజీ. జులూవాడు. చెరకు తోటల అవతలి బస్తీ నుంచి బస్సులో వచ్చేవాడు. ఇద్దరూ సగం జులూలో, సగం మిల్లుల్లో పుట్టిన కలగూర భాషలో మాట్లాడుకునేవారు. ముజీ తెర వైపు పెద్దగా చూసేవాడు కాదు. వెనక గోడకి ఆనుకుని జనాన్ని చూసేవాడు.

అందరికీ ఓటొచ్చిన మొదటి ఎన్నికల ఏడాది, తొంభై నాలుగు మొదట్లో, బొంబాయి సస్పెన్స్ సినిమా ఒకటి వచ్చింది. వీడియో కేసెట్ల దెబ్బకి ఈగలు తోలుకుంటున్న హాలు మళ్ళీ నిండింది. ఆ సినిమా మొదటి రీల్లో మాటన్నది లేదు. కొండ మీద బంగళా, వాన. గేటు కిర్రుమంటుంది, తెరిచిందెవరో కనబడదు. వరండా మీద తడి బూట్ల జాడలు. లోపల కుర్చీ పడిపోయి ఉంటుంది. బల్ల మీద టీ కప్పులోంచి ఆవిరి లేస్తూంటుంది. ఫోన్ మోగుతుంది, మోగుతూనే ఉంటుంది. చివరికి ఒక చెయ్యి వచ్చి రిసీవరు అందుకుంటుంది. అప్పుడు పేర్లు పడతాయి.

డర్బన్ నుంచి రీళ్ళ డబ్బాలు రాగానే ఖాళీ హాల్లో మొదటి రీలు వేసి చూసుకోవడం కిస్టెన్‌కి అలవాటు. ఆ రోజు ముజీని కూడా పైకి పిలిచాడు.

"ఈ డైరెక్టరు గడుసోడు. అన్నీ చూపించాడు, మనిషిని తప్ప. మొహం చూపిస్తే భయం సగం పోద్ది" అన్నాడు కిస్టెన్.

"ఆ టీ చల్లారిపోయుంటే?" అని అడిగాడు ముజీ.

"అప్పుడది పాత సంగతి. ఆవిరుంది కాబట్టి ఇప్పుడే జరిగింది. చేసినోడు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడేమో. మనం పోయి ఆ గదిలో నిలబడ్డాం."

ముజీ ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "వాడు గేటు గడియ కోసం తడుముకోలేదు చూశావా? వాడికి ఆ గేటు బాగా తెలుసు."

కిస్టెన్‌కి అది తట్టలేదు. రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేశాడు. నిజమే. గడియ ఒక్కసారికే తెరుచుకుంది.

ఆట నడిచేటప్పుడు ముజీ వేరుశెనక్కాయల చప్పుడు వినేవాడు. జనం కాయలు ఒలవడం ఆపేశారంటే సినిమా వాళ్ళని పట్టుకున్నట్టే. అప్పుడతను టార్చిలైటు పైకెత్తి ప్రొజెక్టర్ కిటికీ వైపు ఒకసారి వెలిగించేవాడు. ఆ వెలుగు చూసి కిస్టెన్ లోపల ఒక్కడే నవ్వుకునేవాడు. ఫోన్ మోగే చోట ప్రతి ఆటకీ ఆ వెలుగు వచ్చేది.

బయట మాత్రం రోజులు బాగాలేవు. కొత్త రాజ్యం వస్తోందని సంబరపడేవాళ్ళే కొవ్వొత్తులూ డబ్బా చేపలూ కొని దాచుకుంటున్నారు. బస్తీల్లో రెండు పార్టీల మనుషులు ఒకరి ఇళ్ళు ఒకరు తగలబెట్టుకుంటున్నారు. ముజీ ఒక పార్టీ మీటింగులకి వెళ్ళేవాడు, అతని వీధిలో ఎక్కువమంది రెండో పార్టీ.

"రేపు బస్సులు లేకపోతే రాను" అని ఒక గురువారం చెప్పి వెళ్ళాడు.

బస్సులు నడిచాయి. ముజీ రాలేదు. శనివారమూ రాలేదు. ఆదివారం పొద్దున కిస్టెన్ తన పాత బక్కీ ట్రక్కు తాళాలు తీసుకుంటే మోరీన్ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అక్కడ ట్రబుల్ అవుతాది. నువ్వు ఎల్లొద్దు."

"మనిషి ఏటయ్యాడో చూడాల గదా."

"చూసి ఏటి చేస్తావు?"

అయినా కిస్టెన్ వెళ్ళాడు.

ముజీ ఇంటి తలుపు తీసే ఉంది. రేడియోలో చర్చి పాటలు వస్తున్నాయి. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి గిన్నెకి అంటుకుని ఎండిపోయింది. దండెం మీద హాలు యూనిఫారం కోటు ఆరేసి ఉంది. పేరు పెట్టి పిలిచాడు. కోడి ఒకటి గదిలోంచి నడుచుకుంటూ బయటికి వచ్చింది. పక్కింటి ముసలావిడ అతన్ని చూసి తలుపు వేసుకుంది. కిస్టెన్ ఆ గది మధ్యలో చాలాసేపు నిలబడ్డాడు. రేడియో కట్టేద్దామని చెయ్యి చాపి, కట్టలేక వచ్చేశాడు.

ముజీ భార్య తోకో పిల్లలతో మండేని ఊళ్ళో ఉన్న తన తల్లి దగ్గరికి పారిపోయిందని తర్వాత తెలిసింది. కిస్టెన్ అక్కడికీ వెళ్ళాడు. మగాళ్ళు కొందరు వచ్చి ముజీని తీసుకుపోయారని చెప్పిందామె. తను పిల్లల్ని పట్టుకుని మంచం కింద దాక్కుంది.

"మొహాలు చూడలేదు. ఒక గొంతు మాత్రం నాకు తెలుసు" అంది.

"ఎవరిది?"

"నాకు ముగ్గురు పిల్లలున్నారు, బాబా" అంది తోకో. ఇక అతను అడగలేదు.

సినిమా ఇంకా ఆడుతూనే ఉంది. కిస్టెన్ మొదటి రీలు వేసి, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఫోన్ మోగే చోట కాయల చప్పుడు ఆగిపోయేది. టికెట్టు కొనుక్కుని మరీ భయపడుతున్న ఆ జనం మీద అతనికి చెప్పలేనంత కోపం వచ్చేది. ఒక మధ్యాహ్నం ఆట రెండో రీలుతో మొదలుపెట్టాడు. జనం కాసేపు ఈలలు వేసి, సర్దుకుని కూర్చున్నారు. యజమాని కమలేష్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

"అంకుల్, రీలు తప్పు పెట్టేసావు."

"తప్పు కాదు. అది నేను వెయ్యను."

"ఈ సినిమాకి అదే కదా ప్రాణం."

"వేరే మనిషిని పెట్టుకో, బాబూ."

కమలేష్ చెడ్డవాడు కాదు. రెండు రోజులు ఆలోచించుకోమన్నాడు. కిస్టెన్ మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ఎన్నికల నాడు మోరీన్‌తో పాటు పొడుగాటి వరసలో నిలబడి ఓటు వేశాడు. అందరూ నవ్వుతున్నారు, తెలియనివాళ్ళు కూడా చేతులు కలుపుతున్నారు. అతను వరసలోని ముఖాలన్నీ ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత మోరీన్ తమ్ముడి హార్డ్‌వేర్ కొట్లో మేకులు తూచే పనిలో చేరాడు. అప్పుడప్పుడు మొక్కజొన్న పిండి బస్తా వేసుకుని మండేని వెళ్ళేవాడు. తోకో అతన్ని హాల్లో ముజీ ఎలా ఉండేవాడో అడిగేది. వేరుశెనక్కాయల సంగతి చెబితే నవ్వింది, ఆ నవ్వు ఆపుకోలేక ఏడ్చింది.

కొన్నేళ్ళకి ఆ పక్కింటి ముసలావిడ చావుకి దగ్గరపడి నోరు విప్పింది. ముజీని మిల్లు రోడ్డు మలుపు దగ్గర చెరకులోకి నడిపించడం చూసిందట. తోకో గుర్తుపట్టిన ఆ గొంతు మనిషి అప్పటికే మరో గొడవలో చచ్చాడు. వెతికితే ఎముక ముక్క కూడా దొరకలేదు. అయినా చోటు తెలిసింది కాబట్టి ఆత్మని ముళ్ళకొమ్మ మీద ఇంటికి తీసుకురావచ్చని జులూ పెద్దలన్నారు.

ముజీ పినతండ్రి ముళ్ళచెట్టు కొమ్మ ఒకటి పట్టుకుని ఆ మలుపు దగ్గర కిస్టెన్ బండి దిగాడు. అక్కడ చెరకు ఎన్నోసార్లు కోసి మళ్ళీ పెరిగింది. ముసలాయన ముజీని పేరు పెట్టి పిలిచి, కొమ్మతో నేలని తాకించి, బక్కీ ముందు సీట్లో కూర్చున్నాడు. కొమ్మ పట్టుకున్నవాడు బతికున్న ఎవరితోనూ మాట్లాడకూడదు, ఆత్మ తప్పిపోకుండా దారి మాత్రం దానికి చెబుతూ ఉండాలి. తోకో, మోరీన్ వెనక తొట్టిలో కూర్చున్నారు. కిస్టెన్ బండి నెమ్మదిగా నడిపాడు.

వంతెన వచ్చినప్పుడు ముసలాయన కొమ్మ వైపు వంగి, "నది దాటుతున్నాం, కొడుకా" అన్నాడు.

కిస్టెన్ గేరు తగ్గించాడు. నీళ్ళు దాటేదాకా బండి మనిషి నడిచే వేగంతోనే వెళ్ళింది.