టిఫిన్ డబ్బాలో టేపు

జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. రోగుల రికార్డులన్నీ నా గదిలోని సర్వర్‌లో ఉండేవి. నాకన్నా ముందు నుంచి అక్కడ పనిచేసే చాచాది జఫర్‌గఢ్. ప్రతి శుక్రవారం నమాజుకు వెళ్లేముందు ఆయన రికార్డులన్నీ క్యాసెట్టు లాంటి ఒక టేపు మీదికి ఎక్కించేవాడు. ఆ రోజు భోజనం చుట్టాలింట్లోనే అయినా టిఫిన్ డబ్బా తెచ్చేవాడు. అది టేపు కోసం. గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, సాయంత్రం బస్సులో ఇంటికి పట్టుకుపోయేవాడు.

రికార్డుల నకలు దాచడానికి నేను కొత్త డిస్కు పెట్టె తెప్పించాక ఇదంతా ముసలాయన చాదస్తం అనుకున్నాను. పోయిన ఫైలును డిస్కు నిమిషంలో తెచ్చిస్తుంది, టేపు తిరిగి తిరిగి పూటంతా తినేస్తుంది.

"చాచా, ఇయ్యాల ఏం కూర?" అనేవాణ్ణి డబ్బా చూసి.

"నవ్వు బేటా, నవ్వు. డిస్కు జల్దీకి, టేపు దూరానికి. అన్నీ ఒక్క అర్రల పెడితే అన్నీ ఒక్కపారే పోతయి."

నేను వింటేగా. వైరు పొట్టిగా ఉందని డిస్కును అదే గదిలో సర్వర్ పక్కనే పెట్టాను. అంత బద్ధకం నాది.

ఒక గురువారం సాయంత్రం సూది వేసిన కాసేపటికే ఒక రోగికి స్పృహ తప్పింది. శనివారం పొద్దున ప్రాణం పోయింది. నర్సు తనంతట తానే తప్పు మందు ఎక్కించిందని డాక్టరు బంధువులకు చెప్పాడు. ఆ నర్సు మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల. మా దగ్గర కేసు సంగతులు కంప్యూటర్లో ఆమె అంత వివరంగా రాసేవాళ్లు లేరు. మధ్యాహ్నానికి రోగి ఊరి నుంచి ట్రాక్టర్ల నిండా జనం దిగారు.

అద్దాలు భళ్లుమన్నాయి. కేసు కాగితాలను వాకిట్లో కుప్ప పోసి తగలబెట్టారు. నేను సర్వర్ గదిలో దూరి గడియ పెట్టుకున్నాను. అంతలోనే తలుపు మీద దబదబా బాదుడు.

"అన్నా, నేను! జర తలుపు తియ్యన్నా! సంపుతరన్నా!"

నర్సు గొంతు. నా చెయ్యి గడియ మీదే ఉంది. తియ్యలేదు. సర్వర్‌ను కాపాడాలనే తియ్యలేదని తర్వాత పోలీసులకు చెప్పాను. పచ్చి అబద్ధం. ప్రాణభయంతో తియ్యలేదు. ఆమె తలుపు చట్రం పట్టుకుని వదలకపోతే సెలైన్ స్టాండుతో ఆ చేతి మీద కొట్టారని తర్వాత తెలిసింది. ఎముకలు విరిగిన చప్పుడు మాత్రం అప్పుడే ఇవతలికి వినిపించింది. ఆమె కింద పడింది. ఆ తర్వాత తలుపూ విరిగింది. నా తల పగలగొట్టి, సర్వర్‌ను, డిస్కును, టేపు యంత్రాన్ని బండరాళ్లతో నుజ్జునుజ్జు చేసి పోయారు.

పోలీసులు కేసు పెట్టింది ఆమె మీదే. డాక్టరు ఏం చెప్పాడో, ఆమె ఏం చేసిందో చూపించే అక్షరం ముక్క లేదు. చేతులు కాలాక చాచా ఇంటికి వెళ్లి ఏడ్చాను. ఆయన లేచి వెళ్లి డబ్బా తెచ్చి మూత తీశాడు. గురువారం జరిగిందంతా శుక్రవారం టేపులో ఉంది.

దాన్ని చదివే యంత్రం భూపాలపల్లిలో ఒక ఆఫీసులో ఉందని ఆయనకు తెలుసు. ఎస్సైని బతిమాలి జీపులో వెళ్లాం. డబ్బా చాచా ఒళ్లోనే ఉంది. రెండు గంటలు టేపు గిర్రున తిరుగుతుంటే నేను గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. చివరికి ఆమె రాసింది తెరమీద కనిపించింది. పరీక్ష సూదికే రోగి చెయ్యి వాచింది, డాక్టరుకు చెప్పాను, అయినా పూర్తి మందు వెయ్యమన్నారు. కింద డాక్టరు తన పాస్‌వర్డుతో సరేనన్న గుర్తు కూడా ఉంది.

దాన్ని కాగితం మీద అచ్చు తీయించి, ఆమెను చేర్చిన మహబూబాబాద్ దవాఖానకు వెళ్లాం. ఆమె కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు. ఎస్సై వాంగ్మూలం రాసుకుని సంతకం అడిగాడు.

"మా అమ్మ ఏలిముద్ర ఏసేది సార్. నేను ఏయొద్దనే కూలికి పోయి సదివిచ్చింది," అని ఎడమ బొటనవేలు సిరాలో అద్దింది.

ఎస్సై బయటికి వెళ్లాక నేను ఆగలేకపోయాను. ఆ రోజు గడియ మీదే నా చెయ్యి ఉండిందని చెప్పేశాను.

"ఎరుకేనన్నా," అంది. "కింద పడ్డప్పుడు తలుపు కింది సందుల నీ కాళ్లు కనవడ్డయి."