అక్క పొరపాటున పెట్టిన సశేషం

మొన్న సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోనులో ఏదో కథ చదువుతూ, దిగాల్సిన స్టాపు దాటిపోయాక తలెత్తి, "అబ్బ, మళ్లీ సశేషమేనా!" అని విసుక్కుంది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల నావంక అనుమానంగా చూసింది గానీ, ఆ మాట వింటే నాకు మా తోడికోడలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

మా పెద్ద తోడికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. ఒకే ఇంట్లో ఆవిడా బావగారూ మేడ మీద, మేము కింద. రైల్వేలో ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుని ఊళ్లోవాళ్లందరికీ సమాధానాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, ఫోనులో కథలు వేసే ఒక యాప్‌లో క్రైమ్ సీరియల్ మొదలుపెట్టింది. రచయిత్రి అంటే బల్లా కుర్చీ అనుకునేరు! గోంగూర తుంచుతూనే హత్యలు చేసేది. ఓసారి ఇద్దరం ఆటోలో వన్‌టౌన్ వెళ్తుంటే, "ఏమే, శవాన్ని బందరు కాలవలో పడేద్దామా, ఏలూరు కాలవలోనా?" అని అడిగింది. నేనూ బుద్ధి లేకుండా, "బందరు కాలవైతే జనం ఎక్కువక్కా, దొరికిపోతాం" అన్నాను. దిగాక ఆటో డ్రైవరు కిరాయి కూడా అడక్కుండా బండి తిప్పేస్తుంటే, కేకేసి పిలిచి ఇవ్వాల్సివచ్చింది.

కథేమిటంటే, కృష్ణలో లాంచీ నడిపే ఒకతను చూడకూడనిదేదో చూసి మాయమైపోతాడు. మొదటి భాగంలో అతని భార్య ఘాటు మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. అక్క ఆవిడని అక్కడే వదిలేసి, హంతకుడి వెనకాల మమ్మల్నందర్నీ కొండపల్లి నుంచి గన్నవరం దాకా పరిగెత్తించింది. ప్రతి శనివారం ఒక భాగం, దాని కింద సశేషం. చివరి భాగంలో హంతకుడు దొరికాడు. లాంచీ అతన్ని చంపి నదిలోకి తోసేశానని ఒప్పుకున్నాడు. శవం మాత్రం దొరకలేదు. అక్క ఆ భాగం పెట్టేసి, బరువు దించుకున్నట్టు ఊపిరి పీల్చుకుని, పెసరట్లు వేసి మమ్మల్ని పైకి పిలిచింది. తెల్లారేసరికి పాఠకులు మీద పడ్డారు, తర్వాతి భాగం ఎప్పుడండీ మేడం అంటూ. చూస్తే ఏముంది, వేలికి అలవాటైపోయి చివరి భాగం కింద కూడా సశేషం అని కొట్టేసింది. "నా మొహం మండా! అలవాటులో పొరపాటు" అని నెత్తి కొట్టుకుని, అది తీసేసి సమాప్తం అని పెట్టబోతుండగా ఒక వాయిస్ మెసేజీ వచ్చింది.

"అమ్మగారూ, మాది బందరు అవతల సముద్రం ఒడ్డునండి. చేపలమ్ముకుంటామండి. మీ కత మా పాప చదివి ఇనిపిస్తాదండి. హంతకుడు దొరికాడు, సరేనండి. మరి ఆ లాంచీ ఆయన భార్య ఏం చేసిందండి? శవం దొరకలేదు గదండి. బొట్టు తీసేసిందాండి, ఉంచుకుందాండి? మా ఆయన కూడా సముద్రంలోకి ఏటకెళ్లి తిరిగి రాలేదండి. కర్మ చేయించేసి బొట్టు తీసెయ్యమంటన్నారండి మావోళ్లు. ఆవిడేం చేసిందో చెప్తారని..." అంటూ ఆగిపోయింది.

అక్క మొహం చూడలేకపోయాను. బావగారు మాత్రం పేపరు మడుస్తూ, "నువ్వు రాసింది క్రైమ్ కథ. హంతకుడు దొరికాడు, అయిపోయింది కదా" అన్నారు. "దొరికింది మీకండీ. ఆవిడకేం దొరికింది?" అంది అక్క. అలా మొదలైంది ఆ ముగింపు తర్వాతి ముగింపు. మొదట ఆ లాంచీ అతన్ని బతికించి ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడు నాకు చదివి వినిపించి, "ఇది పెడితే ఆ చేపలమ్మే అమ్మాయి రేపట్నుంచి మళ్లీ ఒడ్డున కూర్చుంటుందే" అని చెరిపేసింది. తర్వాత కర్మ జరిపించి బొట్టు తీయించింది. అదీ చెరిపేసింది. "తీయించడానికి నేనెవర్నే?" అని నా మీద కేకలేసింది, తీయించమంది నేనైనట్టు! హత్యలు ఆడుతూ పాడుతూ రాసిన మనిషి ఆ ఒక్క పేజీ దగ్గర తిండి కూడా సరిగ్గా తినలేదు.

చివరికి రాసింది ఇది. లాంచీ అతని భార్య నదిలోకి దిగి, మొగుడి పేరు చెప్పి నీళ్లు వదులుతుంది. ఏడవాల్సినంతా ఏడుస్తుంది. ఒడ్డుకొచ్చాక బొట్టు తీయడానికి చుట్టాలు చెయ్యి చాపితే, ఆ చెయ్యి పట్టుకుని ఆపుతుంది. "ఆయన పోయాడు, నాకు తెలుసు. ఈ బొట్టు ఆయన తెచ్చింది కాదు. ఉయ్యాల్లో ఉండగా మా అమ్మ పెట్టింది" అంటుంది. అంతే. ఎంక్వైరీలో రైళ్ల గురించి చెప్పినంత సూటిగా చెప్పేసింది మా అక్క! నాకైతే లేచి కాళ్లకి దండం పెట్టాలనిపించింది గానీ, వెక్కిరిస్తుందని ఊరుకున్నాను. అక్క ఆ పేజీ కింద సశేషం అని కొట్టి, "ఈసారి పొరపాటు కాదే" అంటూ యాప్‌లో పెట్టేసింది.

ఓ వారం పోయాక ఆ గొంతే మళ్లీ వచ్చింది, వెనకాల చేపల వేలంపాట కేకలు. "సంతలోంచి మాట్లాడతన్నానండి. రెండు మాట్లు చదివించుకున్నానండి, మా అత్తకీ ఇనిపించానండి. ఆయనకి నీళ్లొదిలానండి. బొట్టు ఉంచుకున్నానండి. ఉంటానండి, పడవొచ్చింది." అడిగిన ప్రతివాడికీ సమాధానం చెప్పిన మా అక్క దానికి మాత్రం జవాబు పంపలేక, కొంగుతో ఫోను తుడుస్తూ కూర్చుంది.

బస్సులో ఆ పిల్ల తర్వాతి స్టాపులో గొణుక్కుంటూ దిగిపోయింది. ఇప్పుడు దానికి సశేషమంటే విసుగు. ఇంకొంత కాలం గడవనీ, మనిషికి ఆ మాట ఎంత ఆదరువో కాలమే చెబుతుంది.