చిలక మెడ మీద చెయ్యి, కందికి తెగులు

నూట నలభై నాలుగో పేజీ చివర ఆ పిల్ల చిలక మెడ పట్టుకుంది. పక్క పేజీకి వచ్చాను. కందిలో ఎండు తెగులు సోకిన మొక్కలను వేళ్లతో సహా పీకి కాల్చివేయాలని ఉంది.

ఎడమ పేజీ మళ్లీ చూశాను. చిలక. కుడి పేజీ చూశాను. కంది.

నేను ఎయిర్‌పోర్టులో శుభ్రం చేసే పని చేస్తాను. బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా శంషాబాద్‌లో మా గల్లీ చివరున్న గ్రంథాలయంలోనే. ఒక పెద్దాయన తన ఇంట్లో ముందరి రెండు గదులు పుస్తకాలకిచ్చాడు. రిటైరైన సారు ఒకాయన చూసుకుంటాడు. పదకొండేళ్లుగా అక్కడి నుంచి పుస్తకాలు తెచ్చుకుంటున్నాను. గుండె ఎలా కొట్టుకుంటుందో, మా నెత్తి మీదుగా పోయే విమానాన్ని గాలి ఎలా మోస్తుందో అక్కడే నేర్చుకున్నాను. ఎవరూ చెప్పి పెట్టలేదు. ఆ మాట గొప్పగానే చెప్పుకుంటాను.

ఆ పుస్తకం ఎదిగే పిల్లల కోసం రాసిన సైన్సు నవల. రాకాసి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందని మా నానమ్మ చెప్పిన కథే. అయితే ఇందులో సముద్రాలు లేవు, భూమి చుట్టూ తిరిగే ఇనుప ఊరుంది. రాకాసి ఆ ఊరి యజమాని. చిలక ఒక యంత్రం. తన జ్ఞాపకాలన్నీ దానిలో దాచుకుని వందల ఏళ్లుగా బతుకుతున్నాడు. దాన్ని రోజూ తుడిచి, కీళ్లకు నూనె పెట్టేది పదహారేళ్ల పనిపిల్ల. నానమ్మ కథలో రాజకుమారుడొచ్చి చిలక మెడ విరిచేస్తాడు. ఇందులో రాజకుమారుడు రాడు. పైగా ఊరందరూ పీల్చే గాలి కూడా ఆ చిలకే నడిపిస్తుంది. మెడ విరిస్తే పోయేది వాడొక్కడే కాదు.

తుడిచే పిల్ల కథ! అద్దాలు తుడుస్తూ నేనూ ఆలోచించాను. గాలి గొట్టాలను ముందే వేరే చోటికి కలపొచ్చా? చిలకకే కొత్త మాటలు నేర్పొచ్చా? ఆ ధ్యాసలో నాలుగు రోజులు సూపర్‌వైజర్ అరుపులు కూడా నా చెవిన పడలేదు. తీరా చివరికొచ్చేసరికి కంది తెగులు.

సాయంత్రం గ్రంథాలయం తలుపు తీయగానే పుస్తకం సారు బల్ల మీద పెట్టాను.

"సార్, ఆఖరి పేజీలు వేరే పుస్తకంవి. బైండింగుల కలిసిపోయినయి."

సారు కళ్లద్దాలు పెట్టుకుని పేజీల మూలలు చూశాడు.

"నూట నలబై నాలుగు, నూట నలబై అయిదు. వరుసగనే ఉన్నయి కదమ్మా."

"అంకెలెందుకు సార్, జర కత చదువుండ్రి."

"పిల్లల కత. రాకాసి కంది చేను ఏసిండేమో."

పేపరు చదువుతున్న ఇద్దరు నవ్వారు. ఆ నవ్వుతో సారుకు ఇంకా హుషారొచ్చింది. "నువ్వు చదివింది ఏడో తరగతాయె. గిట్లాంటి సైన్సు కతలు జర తిరకాసుగ ఉంటయి. మల్లొక్కసారి నిమ్మళంగ చదువు, అర్థమైతది."

ఒళ్లు మండిపోయింది. ఆ గదుల్లోని పుస్తకాల్లో సగం నేను చదివినవే. సారు వాటిలో ఎన్ని తెరిచాడో ఆయనకే తెలియాలి. ఏం జరిగిందో నాకు ఇట్టే తెలిసింది. వానలకు గోడ చెమ్మ తగిలి అట్టలూడిన పుస్తకాలను బస్తాలో కట్టి బైండింగుకు పంపారు. పుస్తకాన్ని పదహారేసి పేజీల మడతలుగా విప్పి మళ్లీ కుడతారు. ఒకే సైజు పుస్తకాలు రెండుంటే, కుట్టేవాడు నూట నలభై నాలుగు తర్వాత నూట నలభై అయిదు వచ్చిందా అని చూసి సూది దించేస్తాడు. కుట్టినవాడు అంకెలే చూశాడు, సారూ అంకెలే చూశాడు. మాటలు చదివిన నాకు మాత్రం అర్థం కాలేదట!

నా కథ కంది ఉన్న పుస్తకంలోకి పోయి ఉండాలి. వ్యవసాయం బీరువా అంతా వెతికాను. వరి ఉంది, మిరప ఉంది, కోళ్ల పెంపకం ఉంది. పప్పుధాన్యాల పుస్తకం లేదు. రిజిస్టరు చూస్తే మామిడిపల్లి రైతు ఒకాయన తీసుకుపోయాడు. ఎప్పుడు తెస్తాడని అడిగాను. "తెచ్చినప్పుడు తెస్తడు" అన్నాడు సారు, తలెత్తకుండా.

ఆరు రోజులు ఆ కోపంతోనే పని చేశాను. ఆ వారం అద్దాలు మెరిసినట్టు ఎన్నడూ మెరవలేదు.

ఏడో రోజు నేనక్కడ ఉండగానే ఆ రైతు వచ్చాడు. తెల్లగడ్డం, నెత్తిన టోపీ. పుస్తకం బల్ల మీద దబ్బున వేశాడు.

"ఏంది సార్ ఇది? కందికి మందేందో చూద్దామంటే, ఎవలో పోరి చిలకను పట్టుకొని కూసున్నది! చేను ఎండవట్టె, నాకు చిలక ముచ్చట్లు చెప్తున్నరా?"

సారు లేచి నిలబడ్డాడు. "అరె, పరేషాన్ గాకు చాచా. బైండింగోడు గల్తీ చేసిండు. పేజీలు తారుమారైనయి."

ఒక్క మాటకే ఒప్పుకున్నాడు! మూలల్లో అంకెలు చూడలేదు. నిమ్మళంగా మళ్లీ చదువుకోమనలేదు. ఎన్నో తరగతి చదివావని అడగలేదు.

"వారం కింద నేను చెప్పింది గదే గద సార్! అప్పుడు రాకాసి కంది ఏసిండంటిరి. ఇప్పుడు బైండింగోడు యాడికెల్లి వచ్చిండు?"

సారు గోడ మీద 'నిశ్శబ్దం' అని రాసిన అట్ట వైపు వేలు చూపాడు. చాచా నా వైపు తిరిగాడు.

"నీ కతనా బిడ్డా అది? మంచిగున్నది. ఆఖరికి ఆ పోరి ఏం జేస్తదంటే..."

"చాచా, చెప్పకు!"

గదంతా అదిరింది. చాచా అరచేత్తో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి, "చెప్తలేను బిడ్డా, తౌబా తౌబా" అన్నాడు.

ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన నా నవల్లో తన కంది చదివాడు, నేను ఆయన పప్పుధాన్యాల్లో నా చిలకను చదివాను. మధ్యమధ్య ఆగి, ఎక్కడిదాకా వచ్చానోనని నా మొహం చూసేవాడు. ఆ పిల్ల ఏం చేసిందో ఇక్కడ రాయను. నేను అద్దాల ముందు వేసిన ఎత్తుల్లో అది ఒకటి కూడా కాదు. చదువుతుంటే ఒళ్లు జల్లుమంది. సారు మీద కోపం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

"తే, రెండూ మల్ల బైండింగుకు పంపుత" అన్నాడు సారు.

"ఆ బైండింగోనికేనా?"

నేను పెన్ను తీసి నూట నలభై నాలుగో పేజీ అడుగున రాశాను: 'ఇక్కడి నుంచి కథ పప్పుధాన్యాల పుస్తకంలో ఉంది. ఏడో తరగతి చదివిన మనిషి కనిపెట్టింది.' చాచా తన పుస్తకంలో కూడా అట్లే రాయమన్నాడు. రాశాను.

సారు రెండూ దగ్గరికి తీసుకుని చదివాడు. "ఏడో తరగతని ఎందుకమ్మా? చూసెటోళ్లకు మంచిగుండది. కొట్టెయ్."

"కొట్టెయ్య సార్."

చాచా నవల అందుకుని చంకలో పెట్టుకున్నాడు. "ఆ పోరి చిలక దగ్గరికి ఎట్లొచ్చిందో మొదటికెల్లి చదవాలె. నా పేరు మీద రాసుకో సార్" అన్నాడు. సారు నా వైపు చూడకుండా రిజిస్టరు తెరిచాడు.