పది అడుగుల అబద్ధం

మొన్న కడప నుంచి కర్నూలు వెళ్ళే బస్సులో నా పక్కసీటు అమ్మాయి ఒళ్ళో ఫోను పెట్టుకుని, తెర మీద వేలు జరుపుతూ వింటోంది. లోపలి గొంతు వరదొచ్చిన పెన్నలా పరుగెత్తుతోంది. నాకు ఒక్క ముక్కా అందలేదు. చూపులేని ఆ అమ్మాయికి అదీ నిదానమే అనిపించిందేమో, వేగం ఇంకా పెంచింది. ఆ గొంతు వినగానే ప్రభుదాసు సారు గుర్తొచ్చారు.

రెండువేల దశకం చివర్లో, కడప పక్కన ఒక విశ్వవిద్యాలయంలో వెబ్‌సైటు చూసుకునే ఉద్యోగం నాది. ప్రభుదాసు సారు అక్కడి టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. ఆదివారం చర్చిలో హార్మోనియం ఆయన వేళ్ళ కింద ఉండేది. మిగతా ఆరు రోజులూ మా అందరి గుట్టూ ఉండేది. వరండాలో చెప్పుల చప్పుడు విని, వస్తున్నది రిజిస్ట్రారా, రిజిస్ట్రారు దగ్గర తిట్లు తిన్నవాడా చెప్పేసేవారు. ఇందులో కోత లేదు. మిగతా నా కబుర్లకు పూచీ ఇవ్వను.

చూపులేనివారికీ వెబ్‌సైటు అందాలని పైనుంచి ఆదేశం వచ్చింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు బొమ్మలు అర్థం కావు కనుక, ప్రతి ఫోటో వెనకా అందులో ఏముందో రాసిపెట్టాలి. ఆ రాత మామూలుగా చూసేవాళ్ళకు కనబడదు. కనబడని చోట రాయమంటే నాలాంటి కోతలరాయుడికి పండగే! మా తాత గండికోట లోయ మీంచి ఎద్దులబండి దూకించాడని క్యాంటీన్లో అందరినీ నమ్మించినవాణ్ణి. లైబ్రరీ ముందు నెమళ్ళను ఆడించాను. ఎండిన తోటలో ఫౌంటెను పెట్టాను. అడ్మిషన్ల హాలు ఫోటోకు, మెయిన్ గేటుకు ఎదురుగా సరిగ్గా పది అడుగులు అని రాశాను.

ఒకరోజు ప్రభుదాసు సారు ఆ సాఫ్ట్‌వేరుతో మా సైటు విని, నా గదికొచ్చి కూర్చున్నారు.

"ఏమప్పా, మన లైబ్రరీ కాడ నెమళ్ళు ఆడతాండాయంట? ఇన్నేండ్లయినా నాకు ఒక్క కూతా వినపళ్ళేదే!"

"సిగ్గు జాతి సార్. మీ అడుగు వినగానే నోరు మూసుకుంటాయి."

ఆయన పడీపడీ నవ్వారు. ఆయనే నవ్వారు కదా అని నేనూ ఏమీ దిద్దలేదు.

కొద్ది వారాలకే ఎం.ఏ. సీట్ల కౌన్సెలింగు వచ్చింది. మా సైటు విని, కర్నూలు జిల్లా కోసిగి నుంచి లక్ష్మీదేవి అనే చూపులేని అమ్మాయి బయలుదేరింది. అమ్మానాన్నలు పనులకు వలసపోయారు. అవ్వ తోడొస్తానంటే, పది అడుగులకు తోడెందుకని వద్దందట. గేటు దగ్గర బస్సు దిగి పది అడుగులు వేసి చెయ్యి చాపితే కంపచెట్టు తగిలింది. ఆ సమయానికే హాల్లో ఆమె పేరు పిలిచారు. పలికేవాళ్ళు లేక తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు. గేటు కాడి ఫోన్లోంచి ఆమె ప్రభుదాసు సారుతో అన్న మాట ఆయనే నాకు చెప్పారు: "మీ సైటు చెప్పినట్లే పది అడుగులేసినా సార్. ఈడ ముండ్లుండాయి."

ఆయన ఎక్స్ఛేంజి వదిలి, కర్ర తాటిస్తూ గేటుకెళ్ళి ఆమెను హాలు దాకా తెచ్చారు. తర్వాత నాకు కబురు పెట్టారు.

"అప్పా, గేటు నుంచి ఈడికి ఎన్నడుగులు?"

"తెలీదు సార్."

"మరి రాసినావే?"

ఆయన కర్రతో హాలు తలుపు చూపించారు.

"అడ్మిషన్ల డైరెక్టరు లోపలుండాడు. సీటింకా ఎవురికీ ఇయ్యలేదంట. పోయి నిజం చెప్పు. కొత్తగా ఉంటాది గానీ, చచ్చిపోవులే."

వెళ్ళి చెప్పాను, నెమళ్ళతో సహా. డైరెక్టరు పేర్ల జాబితా వెనక్కి తిప్పారు. "ఆలస్యం ఆ పిల్లది కాదు, మనది" అని మళ్ళీ ఆమె పేరు పిలవమన్నారు. లక్ష్మీదేవి హాలంతా వినబడేలా పలికింది. సీటు ఆమెకే వచ్చింది.

బయట వేపచెట్టు కింద ప్రభుదాసు సారు నా భుజం పట్టుకున్నారు. "కండ్లుండేవాళ్ళకి నీ కోతలు శానా బాగుంటాయప్పా. నిజం బొమ్మ కండ్ల ముందరే ఉంటాది, నవ్వుకుంటారు. మాకు నువ్వు రాసిందే బొమ్మ. దాంట్లో అబద్ధం పెడితే మేం యాడికి పోయి చూసుకోవల్ల?"

మర్నాడు పొద్దున్నే ఆయనా నేనూ గేటు నుంచి హాలు దాకా నడిచాం. ఎనిమిదివందల పద్నాలుగు అడుగులు, రెండు మలుపులు, ఒక మూత లేని కాలువ. నేను లెక్కపెడుతుంటే ఆయన గుర్తులు చెప్పారు. "కుడిపక్క జనరేటర్ మోగుతాంటాదని రాయి. కరెంటు పోయినప్పుడే అని గూడా రాయి. నిజం సగంలో ఆపొద్దు." చివర్లో, "క్యాంటీన్లో మాత్రం ఎట్ల కోసేవాడివో అట్లే కొయ్యి. నేనూ వస్తా" అన్నారు. మాట నిలబెట్టుకున్నారు. రిటైరయ్యేదాకా రోజూ వచ్చారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా తాత ఎద్దులబండి ఇప్పుడు లోయను వెనక్కి కూడా దూకుతోంది. కానీ కొత్త ఫోటో వస్తే మాత్రం, ఎంత ఎండలోనైనా అది తీసిన చోటికి వెళ్ళి నిలబడి చూసి వచ్చాకే రాస్తాను. పోయిన నెల కొత్త భవనం ఫోటో వచ్చింది. "ర్యాంపుంది, రాసెయ్యప్పా" అన్నాడు ఇంజనీరు. వెళ్ళి చూశాను. ర్యాంపు ఉంది. దాని చివర దారికి అడ్డంగా నాలుగు మోటారు సైకిళ్ళు కూడా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టే రాశాను. ఆ రాత ఎవరు విని ఎవరికి చెప్పారో గానీ, మర్నాటికి బండ్లు తీసేశారని ఫోనొచ్చింది. బండ్ల గురించి రాసిన ఆ వాక్యం చెరిపే ముందు మళ్ళీ ఒకసారి వెళ్ళి చూసి వచ్చాను.