మూసిన వీధిలో ఒప్పారి

పోయిన వారం ఒక పెళ్ళికని తిరుత్తణి వెళ్ళాను. బస్సు దిగి మండపం వెతుక్కుంటూ పోతుంటే, మునుపు మిషనరీ శిక్షణ కేంద్రం నడిచిన మేడ కనబడింది. ఇప్పుడు కింద సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి, పైన టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్. సిలువ గుర్తు ఉన్నచోట సున్నం కొట్టారు గానీ, ఎండ ఏటవాలుగా పడితే లోపలి గీత ఇంకా తెలుస్తూనే ఉంది. పెళ్ళికి ఆలస్యమవుతున్నా అక్కడే నిలబడిపోయాను. అంగడాయన తల ఎత్తి "ఎన్న మా, డిస్‌ప్లే పోయిందా?" అని అడిగాడు. ఏమీ పోలేదని చెప్పి ముందుకు నడిచాను.

కరోనా వచ్చిన ఏడాది ఆ కేంద్రం వాళ్ళే మా ఇంటికి ఒక కొరియా పిల్లను పంపారు. ఇరవై అయిదు దాటని పిల్ల. మిషనరీ కావాలని, తన ఊరు విడిచి, తమిళం నేర్చుకోవడానికి ఇంత దూరం వచ్చింది. కొన్ని నెలలు ఎవరైనా విశ్వాసుల ఇంట్లో ఉంటే భాష త్వరగా వస్తుందని కేంద్రం పెద్దాయన ఆలోచన. తిరువళ్ళూరులో రైల్వే గేటు దగ్గర మా ఇల్లు ఆయనకు నచ్చింది. ఒక్క సంగతి మాత్రం అడగడం మరిచిపోయాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. వీధిలో తమిళమే గానీ, గడప లోపల మా అత్త ఉన్నంతవరకు తమిళానికి చోటు లేదు. వచ్చిన నెలకే ఆ పిల్ల "అక్కా, చీపురు యాడ?" అనడం మొదలుపెట్టింది. పెద్దాయన ఫోన్లో విని, ఇదేం భాష అని కంగారుపడ్డాడు.

మా అత్త అప్పటికే మంచం మీద ఉంది. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ముందు గదిలో, వీధి కిటికీ పక్కన ఆమె మంచం. వచ్చిన పిల్లది కొరియా అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది "జపాన్ పాప" అనే. ఆ పిల్ల ఆమెను అవ్వా అని పిలిచేది. అన్నంలో ఊరగాయ ఒక్కటే కలుపుకొని ఆ పిల్ల కంచం ఖాళీ చేస్తుంటే అత్త మురిసిపోయేది. ఇంటి కోడలిగా ఇన్నేళ్ళలో నా తిండి చూసి ఆమె అంతగా మురిసిన గుర్తు నాకు లేదు.

ఇంతలో అన్నీ మూసేశారు. మా ఆయన హోసూరు ఫ్యాక్టరీ క్వార్టర్సులో చిక్కుకుపోయాడు. విమానాలు లేవు గనుక ఆ పిల్ల తన దేశానికీ పోలేదు, తాళం పడింది గనుక తిరుత్తణి కేంద్రానికీ పోలేదు. అరక్కోణం లైన్లో రైళ్ళు ఆగిపోయేసరికి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినని నిశ్శబ్దం మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. తరువాత మా వీధి చివరి ఇంట్లో ఎవరికో జబ్బని తేలింది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి వీధికి రెండు పక్కలా వెదురు కట్టి తగరపు రేకులు అడ్డం కొట్టారు. పాలు, కూరగాయలు ఆ రేకుల పైనుంచి అందుకోవాలి. వాళ్ళు మేకులు కొడుతున్నంతసేపు మేము ముగ్గురం ఆ చప్పుడే విన్నాం.

మిగతావాళ్ళకు వీధి మూసుకుపోతే, ఆ పిల్లకు ఇల్లే మూసుకుపోయింది. దాని ముఖం చూసి వీధంతా బెదిరిపోయింది. గుమ్మంలో నిలబడితే ఎదుటివాళ్ళు తలుపేసుకునేవాళ్ళు. "చైనా, చైనా" అని ఎవరో అరిచారు. పక్కింటి అక్క మంచి మనిషే. తరతరాలుగా ఇక్కడే సేద్యం చేసుకుంటున్న మన తెలుగు నాయుళ్ళు. ఏటా తిరుత్తణి కొండ మీది స్వామికి కావడి ఎత్తే మనిషి. ఆమె కూడా ప్రహరీ గోడ అవతల నుంచి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "పాపను యాడికన్నా పంపీ మ్మా, అందురూ భయపడతా ఉండారు" అంది. "రేకులు కొట్టినారు కదక్కా, యాడికి పంపేది?" అన్నాను.  ఆమె మా పక్కకు తెరుచుకునే తన చిన్న తలుపుకు ఆ రోజే గొళ్ళెం పెట్టుకుంది.

ప్రతి ఆదివారం సాయంత్రం కేంద్రం పెద్దాయన ఫోన్ చేసేవాడు. విశ్వాసంలో ఎంత ఎదిగావని తెలుసుకోవడానికి ఆయనకు కొన్ని ప్రశ్నలుండేవి. ఎంతసేపు ప్రార్థించావు, ఏం చదివావు, ఎవరికి సువార్త చెప్పావు. చెప్పడానికి మనుషులెక్కడ? పాపం, ఆ పిల్ల మా అత్తకే మళ్ళీ మళ్ళీ సువార్త చెప్పింది. బాప్తిస్మం తీసుకుని నలభై ఏళ్ళు దాటిన మా అత్త, మొదటిసారి వింటున్నట్టు ప్రతిసారీ "ఆమెన్" అంది. మొదట్లో ఆ పిల్ల ఆదివారాల కోసం ముఖం కడుక్కుని సిద్ధంగా ఉండేది. పోనుపోను ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. ఒకసారి గిన్నెలు తోముతూ, "అక్కా, దేవుడు నన్ను ఈడికి పంపినాడు అనుకున్నా. ఇప్పుడు ఆయన కూడా బయిట నిలబడి ఉండాడు" అంది.  నాకూ ఆ రోజుల్లో ప్రార్థన నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

అప్పుడు ఆ పిల్ల తండ్రి పోయాడు. కరోనా కాదు, గుండె. పొద్దున కబురు తెలిసింది, మధ్యాహ్నం సమాధి కార్యక్రమం. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన అయితేనే సిగ్నల్ అందుతుందని, మండే ఎండలో నిలబడి ఫోన్లో వీడియో చూసింది. పెట్టె గోతిలోకి దించబోయే ముందు బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ పిల్ల కిందికి దిగివచ్చి, ముఖం కడుక్కుని, బీన్స్ తరగడానికి కూర్చుంది. నేను భుజం మీద చెయ్యి వేస్తే, "నాన్న పరలోకంలో ఉండాడు. మళ్ళీ కలుస్తానని నాకు నిరీక్షణ ఉంది" అంది, పాఠం అప్పజెప్పినట్టు. కంట్లో చుక్క లేదు. బీన్స్ అన్నీ ఒకే కొలతగా తరుగుతోంది.

ఇక్కడ మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. బాప్తిస్మానికి ముందు ఆమె పూండి పక్క పల్లెల్లో పేరున్న మనిషి. ఎవరింట చావు జరిగినా ఒప్పారికి, అంటే చనిపోయినవాళ్ళను తలుచుకుని రాగం తీసి ఏడ్చే పాటకు, ఆమెనే పిలిచేవాళ్ళు. నిరీక్షణ లేనివాళ్ళలాగా ఏడవకూడదని అప్పటి పాస్టరు చెబితే ఆ రోజుతో మానేసింది. మా మామ పోయినప్పుడు పెట్టె పక్కన కూర్చుని పొడి కళ్ళతో కీర్తన పాడింది. ఎంత విశ్వాసమో అన్నారందరూ. నేనూ అన్నాను.

"ఈడికి రా పాపా," అని అత్త మంచం మీద నుంచి పిలిచింది. ఆ పిల్ల చేతులు తుడుచుకుని వెళ్ళి నిలబడింది. "మీ నాయిన పేరేమి?" చెప్పింది. అత్తకు నోరు తిరగలేదు. "పోనీలే, ఏం పని చేస్తా ఉండె?" పడవలు బాగుచేసేవాడట. అత్త దాని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కళ్ళు మూసుకుని, చాలా ఏళ్ళుగా తెరవని గొంతును సవరించుకుంది.

"పడవలకు పాణం పోస్తివే సామీ, నీ బిడ్డకొక పడవ లేకపాయె! దోవలన్నీ మూసిరే అయ్యా, కన్నబిడ్డ యాడుందని ఎవుర్ని అడిగితివో!"

ఆ గొంతు నేనెప్పుడూ విననిది. కూరకు ఉప్పు చాలలేదని సణిగే గొంతు కాదు. ఆ పిల్ల బిగుసుకుపోయింది. రెండో చరణానికి దాని భుజాలు కదిలాయి. ఆ తరువాత అవ్వ ఒళ్ళో తల పెట్టి, చిన్నపిల్లలా నోరు తెరిచి, తన భాషలో తండ్రిని పిలుస్తూ ఏడ్చింది. కిటికీ బయట ఏదో అలికిడి. పక్కింటి అక్క ప్రహరీ అవతల స్టూలెక్కి నిలబడి, ముక్కుకు అడ్డం పెట్టిన కొంగు తీసేసి, అత్త ప్రతి చరణం చివరా రాగం అందుకుంటోంది. ఎదుటి గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చారు. ఎవరూ గడప దాటలేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి ఏడ్చారు. ఆ నెలల్లో ఎవరికి మాత్రం ఏడ్చే పని లేదు!

నడిమధ్య ఎక్కడో అత్త పాట దారి మళ్ళింది. పడవలు పోయాయి. "వరిమడిలో నడిచొచ్చే నా రాజా, నీకు ఒక్క మాట పాడనిస్తిరా వీళ్ళు" అంది. అది మా మామ. 

అంతా అయ్యాక అత్త నన్ను పిలిచి, "నేను చేసింది పాపమా మ్మా?" అని అడిగింది. "నాకు తెలీదత్తా. కాపీ తాగు," అన్నాను. తాగింది. పక్కింటి అక్క గొళ్ళెం తీసి, మూత పెట్టిన రసం గిన్నె గడప మీద ఉంచి, "పాపకు పొయ్యి మ్మా, పావం" అని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పెద్దాయన ఫోన్లో మామూలు ప్రశ్నలే అడిగాడు. "ప్రార్థన చెయ్యలేదయ్యా. ఏడ్చినా. అవ్వ నాకోసం ఏడ్చింది. దేవుడు లోపలికి వచ్చినాడు," అంది ఆ పిల్ల, తెలుగులోనే. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు.  మరుసటి ఆదివారం మొదటి ప్రశ్న "తిన్నావా?" అని వచ్చింది.

రేకులు తీసేశాక, ఆఖరికి ఒక విమానంలో చోటు దొరికి ఆ పిల్ల వెళ్ళిపోయింది. మిషనరీగా మళ్ళీ రాలేదు. వాళ్ళ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, పోబోయేవాళ్ళ పక్కన, వాళ్ళ మనుషుల పక్కన కూర్చునే ఉద్యోగం చేస్తోంది. ఇదే నా పరిచర్య అక్కా, అంటుంది. మా అత్త ఆ తరువాతి ఏడు పోయింది. వీధి వీధంతా వచ్చింది. పక్కింటి అక్క ఒప్పారి అందుకుంటే, మా ఇప్పటి పాస్టరు బైబిలు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి, ఆమె ముగించేదాకా ఆగాడు.

ఆ నెలలు ఎప్పుడు అయిపోతాయా అని రోజూ విసుక్కున్నదాన్ని నేనే. ఏ పనికీ అడ్డం లేకుండా గడిచిన ఏళ్ళు ఎన్నో ఉన్నాయి, తలుచుకుంటే అక్కడో పూట ఇక్కడో పూట తప్ప చేతికి రావు. ఎటూ కదలనివ్వని ఆ కాలం మాత్రం ఒక్క పూట జారిపోకుండా మొత్తంగా నా దగ్గరే ఉంది.