ముప్పయ్యో అంతస్తు బేరం

శాలిబండ దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. నా భయాన్ని కూడా బేరానికి పెట్టగలను. కొనాలనుకున్న ముప్పయ్యో అంతస్తు ఫ్లాటు గాలికి ఊగుతుందని విన్నాను. ఆ మాట చెప్పి ధర తగ్గిద్దామని ఉప్పుగూడలో రైలెక్కాను.

నా ఫోనులో ఆ మేడ బొమ్మ చూసి పక్క సీటు పెద్దమ్మ నవ్వింది.

"మేం గా మేడలనే ఉంటం బిడ్డా. కట్టినప్పుడు ఊగుతదని పైకి ఎవ్వరు రాకపోయిరి. ఊగుడు తగ్గనీకే మేడ నెత్తి మీద నీళ్ల తొట్టి పెట్టిన్రని తెలిసినంక వచ్చిన్రు."

సగం నిండిన నీళ్ల సీసాను అరచేతిలో నిలబెట్టింది. రైలు ఇటు ఊగితే నీళ్లు అటు జరిగాయి.

"మేడ గిటు పోతే నీళ్లు గటు గుంజుతయి. మస్తు నిద్ర పడ్తది."

యాకుత్‌పురా దాటినా సీసాలో ఎండ ఊగుతూనే ఉంది.

ఫ్లాటు అమ్మేవాడు నా బేరానికి సిద్ధంగా కూర్చున్నాడు.

"ఇంకా పైన ఏమన్న ఖాళీ ఉన్నదా అన్నా?" అని అడిగాను.